పెదనాయన హోటల్లో వాకబు

పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. ఈయన గురించి అలా రాస్తే మాత్రం ఈయనే ఒప్పుకోడు. పాడె మీదనుంచి లేచి కూర్చుని, "ఏంది అబ్బాయ్ ఆ రాతలు? నేనెప్పుడు అట్టా ఉన్నా?" అని నిలదీయగలడు. అందుకని ఉన్నదే రాస్తాను. నరసరావుపేటలో నేను బ్రహ్మచారిగా ఉన్నన్నాళ్లూ నన్ను ఒక్క పూట కూడా ప్రశాంతంగా టిఫిన్ తిననివ్వని మనిషి ఈయన. మొన్న బస్టాండులో ఒక పాత స్నేహితుడు కనిపించి, "మన హోటలు పెదనాయన పోయాడురా" అన్నాడు. నేను కన్నీళ్లు పెట్టుకుంటానని కాబోలు, భుజం మీద చెయ్యి కూడా వేశాడు. "అయితే ఇహ అక్కడ దోశ అడిగినవాడికి దోశ పెడతారన్నమాట" అన్నాను. వాడు చెయ్యి తీసేశాడు.

ఆయనకి పేరు లేక కాదు. ఊరంతా పెదనాయన అనే పిలిచేది, అసలు పేరుతో ఎవరికీ అవసరం పడలేదు. కోర్టు నుంచి స్టేషనుకి పోయే దారిలో, పెంకుటిల్లు ముందుకి రేకులు దించి పెట్టిన హోటలు. లోపల గోడకి ఒక నల్లబల్ల ఉండేది. ఆ రోజు దొరికేవన్నీ దాని మీద సుద్దముక్కతో రాసి ఉండేవి. ఇడ్లీ, గారె, పెసరట్టు, ఉప్మా, దోశ, పూరీ. అది చూసి, నోరూరి, లోపలికి వచ్చి కూర్చుంటాం. సర్వరు మన దగ్గరికి వచ్చేలోపే గల్లా పెట్టె వెనకనుంచి గొంతు వినిపించేది.

"ఏం తింటావ్ అబ్బాయ్?"

"దోశ."

"నిన్న తిన్నావుగా. ఇయ్యాల ఇడ్లీ తిను."

"నాకు దోశే కావాలి పెదనాయనా."

"కళ్లు చూడు ఎట్టా పీక్కుపోయినయ్యో. నీకు నూనె తగలకూడదు. ఒరేయ్, ఈయనకి ఇడ్లీ పట్రా."

ఇడ్లీ వచ్చేది. డబ్బు మనది, కడుపు మనది, పెత్తనం ఆయనది. మరి ఆ బోర్డు ఎందుకు రాయించావని ఒకసారి గట్టిగానే అడిగాను. "ఏమేం ఉన్నయ్యో జనానికి తెలియాలి గదా" అన్నాడు. ఉన్నప్పుడు పెట్టవేం అన్నాను. "ఉన్నయ్యన్నీ అందరికీ పడతయ్యా?" అన్నాడు. నోరు మూసుకుని ఇడ్లీ తిన్నాను.

పొట్టి మనిషి. చొక్కా వేసుకుని ఉండగా నేను చూసిందే తక్కువ. భుజాన ఒక తువ్వాలు, దాంతో ఈగల్ని కొట్టడం, బల్ల మీద మోచేతులు పెట్టి కూర్చున్నవాణ్ణి కూడా అదే తువ్వాలుతో తట్టడం. పత్రిక మడిచి తన పీట కింద పెట్టుకునేవాడు. పళ్లెం ఖాళీ అయ్యాకే చేతికిచ్చేవాడు. చదువుతూ తింటే ఏం తిన్నామో తెలియదట. ఉప్మా సగం వదిలి లేచామంటే ఇంతే సంగతులు. ఎదురొచ్చి నిలబడి, "ఎందుకొదిలేశావ్? ఉప్పెక్కువైందా? జీడిపప్పు లేదనా? నోరు తెరిచి చెప్పు" అని అడిగేవాడు. కడుపు నిండిందంటే నమ్మేవాడు కాదు.

వీటన్నిటికంటే పెద్ద ఆగడం ఇంకొకటి ఉంది. తన హోటల్లో వస్తువు బాగుందని ఆ నోటితో ఎప్పుడూ అనలేదు. ఒకరోజు మా హెడ్ గుమాస్తాని బతిమాలి వెంట తీసుకెళ్లాను. నేనప్పుడు అక్కడి కోర్టులో చిన్న గుమాస్తాని. ఆయన దయ నాకు అవసరం. ఇద్దరం కూర్చున్నాం. గారెలు చాలా బాగుంటాయండీ ఇక్కడ, అని నేను వర్ణిస్తున్నాను. పెదనాయన గల్లా దగ్గరనుంచే, "ఇయ్యాల గారెలు తినమాకండి, నూనె నిన్నటిది. చట్నీ కూడా పులిసింది. స్టేషను కాడ హోటల్లో ఎట్టా ఉన్నయ్యో చూసుకోండి పోయి" అని కేకేశాడు. హాలంతా విన్నది. మా హెడ్ గుమాస్తా నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు ఆ ఏడాదంతా నన్ను వెంటాడింది.

స్టేషను హోటల్లో ఎట్టా ఉన్నయ్యో మేం చూసుకోకపోలేదు. అక్కడ గారె పిండితే దీపం వెలిగించుకునేంత నూనె వచ్చేది. బస్టాండు ఎదురుగా ఉన్నదాంట్లో కాఫీకి రంగు తప్ప రుచి ఉండేది కాదు. కోర్టు గేటు పక్కదాంట్లో అయితే కూర్చునే చోటే దొరికేది కాదు. పల్నాటి పల్లెలన్నిటినుంచీ వ్యాజ్యాల మీద వచ్చినవాళ్లు తమ సాక్షుల్ని అక్కడ వరసగా కూర్చోబెట్టి మేపేవాళ్లు. వకీలు గుమాస్తాలు ఇడ్లీకీ ఇడ్లీకీ మధ్య ఏం చెప్పాలో బట్టీ పట్టించేవాళ్లు. ఒకసారి అలాంటి జట్టు ఒకటి చోటు లేక పెదనాయన హోటలుకి వచ్చింది. "తినండి, పోండి. అబద్ధాలు మాత్రం బయట నేర్పుకోండయ్యా, ఇక్కడ పాలు విరిగిపోతయ్" అని వెళ్లగొట్టాడు. వాళ్లు మళ్లీ రాలేదు. వచ్చే బేరాన్ని ఇలా తరిమేసే మనిషి హోటలు ఎందుకు పెట్టాడో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

ఇన్ని పడి కూడా అక్కడికే ఎందుకు పోయేవాళ్లమంటే, పెసరట్టు. ఏ రోజైనా మనకి పెసరట్టు యోగ్యత ఉందని ఆయన దయతలిస్తే, దాని మీద అల్లం, పచ్చిమిర్చి సన్నగా తరిగి వేసి, పక్కన కారంగా అల్లప్పచ్చడి పెట్టి పంపేవాళ్లు. అలాంటిది ఆ తర్వాత నేనెక్కడా తినలేదు. ఆ పిండి రుబ్బేది పెదనాయన కూతురు. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉండేది, పళ్లేలు అందులోంచే వచ్చేవి. లోపల పొగ, చీకటి. మాకు ఆవిడ గాజులు లేని చెయ్యి కనిపించేది గానీ మొహం కనిపించేది కాదు. ఆవిడకి మాత్రం మేమందరం కనిపించేవాళ్లం. మొగుడు వదిలేశాడని కొందరు, తనే వచ్చేసిందని కొందరు చెప్పుకునేవారు. పెదనాయన ముందు ఆ ఊసెత్తే ధైర్యం ఎవరికీ లేదు.

ఇక నా కథకి వస్తాను. ఆ రోజుల్లో గదిలో ఒంటరిగా ఉండే ఉద్యోగస్తుడికి సంబంధం చూడాలంటే ఆడపిల్లవాళ్లు ముందు ఎక్కడికి పోతారు? అతను తినే హోటలుకి. ఇంటివాళ్లు దాచేది హోటలాయనకి తెలుస్తుందని నమ్మకం. హోటలాయన ఏం చెప్పాలో కూడా అందరికీ తెలుసు. "బంగారం లాంటి కుర్రాడండీ" అనాలి. కాఫీ ఇప్పించాలి. వచ్చినాయన తృప్తిగా రైలెక్కాలి. స్టేషను హోటలాయన అలా ఎంతమంది పెళ్లిళ్లు చేయించాడో లెక్కలేదు. అందుకే పెళ్లి కావాల్సిన కుర్రాళ్లంతా నూనె సంగతి మర్చిపోయి అక్కడ ఖాతా పెట్టుకునేవారు.

నాకు అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది గురజాల దగ్గర ఒక పల్లె. ఆ అమ్మాయిని నేను మా మేనత్త ఊళ్లో ఒక పెళ్లిలో చూశాను. పందిట్లో ఎవరో పెద్దాయన నెయ్యి వద్దంటున్నా వడ్డిస్తుంటే, "వద్దంటున్నారు గదా తాతయ్యా, ఎందుకు పోస్తారు?" అని నవ్వుతూ గరిటె పట్టుకుని ఆపింది. రోజూ వద్దన్నది తినే బతుకు నాది. ఆ పిల్ల అయితేనే చేసుకుంటానని మా అమ్మతో చెప్పేశాను. మా వాళ్లు కబురు పెట్టారు. ఆ పిల్ల తండ్రి వచ్చి చూస్తానన్నాడు.

వచ్చాడు. ఎక్కడికి వచ్చాడంటే, ఆదివారం పొద్దున నేను పెదనాయన హోటల్లో చెక్క తడిక వెనక బల్ల దగ్గర కూర్చుని పెసరట్టు తింటూ ఉండగా. ఎర్రటి తలపాగా, చేతిలో గొడుగు, మాచర్ల రైల్లో పడిన బొగ్గు నుసి భుజాలమీద. సాగర్ డ్యాం పనులకి సిమెంటు, మేస్త్రీలు, ఇంజనీర్లు అంతా ఆ రైలే ఎక్కేవాళ్లు. నిలబడి వచ్చి ఉంటాడు పాపం. గల్లా ముందున్న బల్ల దగ్గర కూర్చున్నాడు. మా కోర్టు పేరు చెప్పి, నా పేరు చెప్పి, "ఇక్కడే తింటాడంట గదండీ?" అన్నాడు.

"తింటాడు" అన్నాడు పెదనాయన.

"మనిషి ఎట్టాంటోడు?"

నేను తడిక వెనక ఉన్నానని పెదనాయనకి తెలుసు. పెసరట్టు పంపిందే ఆయన. తడిక వైపు ఒకసారి చూశాడు కూడా. చూసి, మొదలుపెట్టాడు.

"కోపం చానా."

నా చేతిలో ముక్క చేతిలోనే ఆగిపోయింది.

"ఊరికే కోపమా?"

"ఊరికే. కాఫీ చల్లారితే కోపం, వేడిగా ఉంటే కోపం. మొన్నొకనాడు సాంబారు చల్లగుందని గిన్నె తోసేశాడు. బల్లంతా అయింది."

"అట్టాగా. అలవాట్లు?"

"సిగరెట్టు కాలుస్తాడు. ఆదివారం పేకాట. అదన్నా వచ్చా అంటే రాదు. ఓడిపోయొచ్చి ఇక్కడ మా సర్వరు మీద అరుస్తాడు."

"పై సంపాదన?"

"లేదు. ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఈయనకే తీసుకునే ధైర్యం లేదు."

నా నిజాయితీకి అంతవరకూ ఎవరూ ఆ పేరు పెట్టలేదు. లేచి తడిక తోసుకుని బయటికి పోదామనుకున్నాను. ఎంగిలి చెయ్యి. పైగా ఏ మొహంతో పోను? "ఒంట్లో బాగుంటుందా?" అని ఆయన అడగడం, "అజీర్తి. చెప్తే వినడు, రోజూ దోశ అంటాడు" అని ఈయన చెప్పడం కూడా అక్కడే కూర్చుని విన్నాను.

పిల్ల తండ్రి గొడుగు కర్ర తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అయ్యా, నాది ఆడపిల్ల. ఒక మాట అడుగుతా, ఏమనుకోమాకండి. మీ పిల్లయితే ఈయనకి ఇస్తారా?" అన్నాడు.

పెదనాయన లేచాడు. గల్లా పెట్టె మూసి, తువ్వాలు భుజాన సర్దుకుని, "ఇట్టా రండి" అని ఆయన్ని వంటింట్లోకి తీసుకుపోయాడు. రుబ్బురోలు చప్పుడులో నాకు ఒక్క మాట వినపడలేదు. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది, గుసగుసలు తప్ప ఏమీ అందలేదు. మళ్లీ మొదలైంది. పిల్ల తండ్రి బయటికి వచ్చి, కాఫీ తాగి, చెప్పులేసుకుని స్టేషను వైపు వెళ్లిపోయాడు. నా గది రెండో వైపు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, నేను చెయ్యి కూడా కడుక్కోకుండా గల్లా మీదికి పోయాను.

"నీకు నేనేం అన్యాయం చేశాను పెదనాయనా?"

"అబద్ధం ఏమన్నా చెప్పానా?"

"నిజం చెప్పమని నిన్నెవరడిగారు?"

"ఆయనడిగాడు గదా."

"ఊళ్లో ఏ హోటల్లో అడిగినా బంగారం లాంటి కుర్రాడనే చెప్తారు. ఆ ఒక్క మాటకి నీ నోరు అరిగిపోయిద్దా? ఆ పిల్లని చేసుకోవాలని నేను ఎంత ఆశ పెట్టుకున్నానో నీకు తెలుసా?"

హోటల్లో తింటున్నవాళ్లు తినడం ఆపారు. పెదనాయన కిటికీ వైపు ఒకసారి చూసి, నన్ను దగ్గరకి రమ్మన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"దీన్నిచ్చేటప్పుడు నేనూ అడిగా అబ్బాయ్. ఏటి అవతల, ఆ పిల్లోడు తినే హోటల్లోనే. బంగారం అన్నాడు ఆయన. చానా మర్యాదస్తుడు, కాఫీ కూడా ఊరికే ఇప్పించాడు. నేను సంతోషంగా ఇంటికొచ్చి ముహూర్తం పెట్టించా. వాడు అన్నం పళ్లెం దీని మొహాన విసిరికొట్టిందాకా మాకేం తెలియలా. అదొకసారి కాదు." తువ్వాలుతో గల్లా పెట్టె తుడిచాడు. "ఆ హోటలాయన్ని నేనేమనను. మర్యాదకన్నాడు."

నేను చప్పబడిపోయాను. బాధ కలిగింది. కానీ నా కడుపుమంట కూడా చల్లారలేదు. "సరే, మరి చివర ఆయన అడిగినదానికి ఏం చెప్పావ్?" అన్నాను.

"ఆయన నన్నడిగాడు. నిన్నడగలా. పో, చెయ్యి కడుక్కో."

ఎన్ని విధాల అడిగినా అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. ఇలాంటి మనిషితో ఎలా వేగడం? ఆ రోజునుంచి ఆ హోటలు గడప తొక్కలేదు. స్టేషను హోటల్లో నూనె గారెలు తింటూ, నా పెళ్లికి నీళ్లొదిలేశానని నలుగురికీ చెప్పుకుంటూ తిరిగాను. ఆ హోటలాయన నాకు రోజూ ధైర్యం చెప్పేవాడు. నన్నడిగితే ఎంత బాగా చెప్పేవాణ్ణండీ, అనేవాడు.

కొన్నాళ్లకి మా అమ్మ దగ్గరనుంచి కబురు వచ్చింది. గురజాల వాళ్లు ఒప్పుకున్నారు, బయలుదేరి రమ్మని. నాకు నమ్మకం కలగడానికి ఒక పూట పట్టింది. ఆ పూట గడిచాక నాకు తోచిన అర్థం ఒకటే. పిల్ల తండ్రి తెలివైనవాడు. ఒక తిక్క మనిషి మాటలు చెవిన పెట్టలేదు.

శుభలేఖ పట్టుకుని పెదనాయన దగ్గరికి పోయాను. ఇవ్వడానికి కాదు, చూపించడానికి. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చదివి, "ముహూర్తం పగలే పెట్టారు, మంచి పనైంది. పప్పులో కారం తగ్గించి వేయించుకో, నీకు పడదు" అన్నాడు. తప్పయిందని గానీ, సంతోషమని గానీ ఒక్క మాట లేదు. పెళ్లికి మాత్రం చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు. పంక్తిలో కూర్చుని, అందరూ వినేలా అన్నం పలుకుందని చెప్పి, రెండోసారి పెట్టించుకుని, రైలెక్కిపోయాడు.

నా భార్య కాపురానికి వచ్చిన మొదటి రోజు కాఫీ ఇస్తూ, "చల్లారలేదు, మరీ వేడిగా కూడా లేదు. చూసుకోండి" అంది. మర్నాడు, "సిగరెట్లు ఎక్కడ పెడతారు?" అని అడిగింది. అంటే జాబితా మొత్తం ఆ ఇంటికి చేరింది. చేరినా ఎందుకిచ్చారని మా మావగారిని ఎప్పుడడిగినా, "అన్నీ కలిసొచ్చినయ్ అల్లుడు గారూ" అని మాట దాటేసేవాడు. భార్యనడిగితే నవ్వేది. పెదనాయననడిగితే ఉప్మా తెప్పించేవాడు. అందరూ కలిసి నన్ను ఇన్నేళ్లూ ఇలా ఆడించారు.

పెదనాయన పోయాడన్న సంగతి విని ఇంటికి వచ్చేసరికి మావగారు మా ఇంట్లోనే ఉన్నాడు. కంటి డాక్టరుకి చూపించుకోవడానికి వచ్చాడు. చెప్పగానే తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్పొచ్చు. ఆయన ఉన్నన్నాళ్లూ చెప్పనని మాటిచ్చా" అన్నాడు.

నేను ఎదురుగా కూర్చున్నాను.

"మీ పిల్లయితే ఇస్తారా అనడిగితే నన్ను వంటింట్లోకి తీసుకుపోయాడు. 'నేను చూసి ఇచ్చింది ఇదిగో, ఇక్కడ రుబ్బుతోంది. నాకు మనుషుల్ని చూట్టం రాదు. నన్నడగమాకండి, దీన్నడగండి' అన్నాడు. ఆ పిల్ల రుబ్బటం ఆపింది. 'ఏమ్మా, గిన్నె తోశాడంట గదా, నువ్వు చూశావా?' అనడిగా. 'చూశా బాబాయ్' అంది. 'తోసినాక ఏం చేస్తాడా అని ఆయన చెయ్యే చూస్తా నిలబడ్డా. ఆ చెయ్యి మళ్లీ లేవలా. తనే గిన్నె దగ్గరికి లాక్కున్నాడు, మిగిలింది తిన్నాడు. ఒలికింది తన రుమాలుతో తుడిచి పోయాడు. అరుస్తాడు బాబాయ్, కొట్టేవాడు కాదు. ఇయ్యొచ్చు' అంది."

మావగారు ఒళ్లోని తలపాగా తీసి పక్కన పెట్టాడు.

"వంటింటి గడప దాటబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. 'కాపురం చెడినదాని నోటి మాట మీద సంబంధం కుదిరిందంటే పిల్లోడి వాళ్లు అపశకునం అంటారు. మధ్యలో నా కూతుర్ని ఆడిపోసుకుంటారు. నేనుండగా ఇది బయటికి రానియ్యమాకండి' అన్నాడు. సరే అన్నా."

ఇంత పెట్టుకుని, ఆ పెళ్లి పందిట్లో అన్నం పలుకుందని చెప్పిపోయాడా ఈ మనిషి! ఏడుపూ కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి. చివరికి, "మరి మీ అమ్మాయి ఏమంది?" అని అడిగాను.

"ఏమంటది? కోపం సంగతి, పేకాట సంగతి, అన్నీ చెప్పా. వద్దనే అంది. తర్వాత ఆ రుబ్బే పిల్ల అన్న మాట కూడా చెప్పా. 'ఎవరా పిల్ల?' అనడిగింది. ఆమె కథంతా చెప్పా. 'ఆవిడ చెప్పిందా? అయితే సరే నాన్నా' అంది."